మోకాలు మార్పిడి తర్వాత మళ్లీ అడ్మిట్ కావాల్సి వస్తుందా? ఆపరేషన్‌కి ముందే తేలే సంగతులు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ అమ్మగారికి 68 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. వచ్చే నెలలో కుడి మోకాలు మార్పిడి చేయించాలనుకున్నారు. అంతా బాగుంటే మూడో రోజే ఇంటికి పంపేస్తామని ఆస్పత్రివాళ్లు అన్నారు. మీకు తెలిసినవారొకరు ఇదే ఆపరేషన్ చేయించుకుని, ఇంటికెళ్లిన వారానికే మళ్లీ అడ్మిట్ అయ్యారు. దాంతో మీకు టెన్షన్ పట్టుకుంది. ఇంకో నాలుగు రోజులు ఆస్పత్రిలోనే ఉంచమని పట్టుబట్టాలా, ఇలా తిరిగొచ్చే కేసులు తక్కువున్న ఆస్పత్రి వెతుక్కోవాలా, రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించేస్తే మంచిదా అని అడిగారు.

నేను సర్జన్‌ని కాదు, ఫిజీషియన్‌ని. ఎముకల ఆపరేషన్లకి ముందు పేషెంటు ఎంత ఫిట్‌గా ఉన్నారో చూడటం, ఆపరేషన్ అయ్యాక గుండె, కిడ్నీ, షుగరు లాంటివి తిరగబడితే సరిదిద్దడం చాలా ఏళ్లుగా నా పని. డిశ్చార్జ్ అయి మళ్లీ వచ్చినవాళ్ల కేసు షీట్లు మొదటి పేజీ నుంచి తిరగేసి, ఎక్కడ తేడా వచ్చిందో చూడటం కూడా అందులో భాగమే. అలా చూసీ చూసీ నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది: మళ్లీ చేరాల్సి రావడం అనేది మూడో రోజు పంపారా, ఏడో రోజు పంపారా అన్నదాని మీద పెద్దగా ఆధారపడదు. చాలావరకు ఆపరేషన్‌కి ముందు వారాల్లోనే తేలిపోతుంది. మిగతాది ఇంటికి వెళ్లాక మొదటి రెండు వారాల్లో తేలుతుంది. తుంటి విరిగి వచ్చినవాళ్లకి ఆగే వీలుండదు. మీకు ఉంది. ఇది తేదీ మన చేతిలో ఉన్న ఆపరేషన్. ఆ వెసులుబాటు ఉండి కూడా ఎవరూ వాడుకోకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

మీకు తెలిసినవారికి జరిగింది అందరికీ జరుగుతుందని అనుకోవద్దు. వేల మందిని లెక్కలోకి తీసుకున్న అధ్యయనాల్లో మోకాలు, తుంటి మార్పిడి తర్వాత 30 రోజుల్లోపు మళ్లీ అడ్మిట్ అయినవాళ్లు సుమారుగా నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు. 90 రోజుల దాకా చూస్తే ఆ సంఖ్య ఇంకొంచెం పెరుగుతుంది. అడ్మిట్ కాకుండా ఎమర్జెన్సీకి వచ్చి చూపించుకుని వెళ్లేవాళ్లు వీళ్లకంటే ఎక్కువ. వాళ్లలో చాలామంది వచ్చేది నొప్పి, వాపు గురించి. ఎంత వాపు మామూలో డిశ్చార్జ్ రోజున ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే, అర్ధరాత్రి అలా పరిగెత్తాల్సిన అవసరం చాలామందికి ఉండేది కాదు.

నిజంగా అడ్మిట్ చేయాల్సి వచ్చేవాళ్లలో ఒక భాగానికి ఇబ్బంది కీలు దగ్గరే ఉంటుంది: కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్, లోపల రక్తం చేరడం, తుంటి అయితే కీలు జారడం, కింద పడి ఎముక విరగడం. ఇంకో భాగానికి మోకాలు భేషుగ్గా ఉంటుంది, మిగతా ఒళ్లే ఎదురు తిరుగుతుంది: కాలి నరాల్లో రక్తం గడ్డ కట్టడం, గుండె లయ తప్పడం, న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, కిడ్నీ దెబ్బతినడం, కడుపులో రక్తస్రావం. ఆపరేషన్ బాగా చేస్తే చాలు అనుకునేవాళ్లు ఈ రెండో భాగాన్ని పట్టించుకోరు. షుగరు, బీపీ ఉన్న 68 ఏళ్ల మనిషి విషయంలో నేను ముందు చూసేది దాన్నే.

మూడో రోజు డిశ్చార్జ్ సంగతి. అది తొందరేమీ కాదు. డెన్మార్క్‌లో హెన్రిక్ కెహ్లెట్ అనే సర్జన్ 1990లలో ఒక పద్ధతికి పునాది వేశారు. రకరకాల మందులతో నొప్పిని అదుపులో పెట్టడం, ఎక్కువసేపు ఉపవాసం పెట్టకపోవడం, ట్యూబులు వీలైనంత త్వరగా తీసేయడం, అదే రోజు లేపి నడిపించడం అందులోవే. కీళ్ల ఆపరేషన్లలో ఆ పద్ధతి బాగా పాతుకున్నాక, ఒకప్పుడు పది రోజులు పడుకోబెట్టిన పేషెంట్లు మూడు నాలుగు రోజుల్లో వెళ్లిపోవడం మొదలైంది. దానివల్ల తిరిగొచ్చేవాళ్ల సంఖ్య పెరగలేదు. మంచం మీద ఎక్కువ రోజులు ఉంటే గడ్డలు, న్యుమోనియా, ఆస్పత్రి క్రిములు, పెద్దవాళ్లలో అయోమయం ఇవన్నీ పెరుగుతాయి. అందుకే "ఇంకో నాలుగు రోజులు ఉంచండి" అని అడగవద్దంటాను. దానికి బదులు ఆ రోజు అమ్మగారు ఏమేం చేయగలుగుతున్నారో చూడండి. మంచం మీంచి, కుర్చీలోంచి తనంతట లేస్తున్నారా? వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్లి రాగలుగుతున్నారా? నొప్పి ఇంజెక్షన్లు లేకుండా మాత్రలతోనే ఆగుతోందా? మూత్రం మామూలుగా వస్తోందా? తింటున్నారా, తిన్నది నిలుస్తోందా? లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? డ్రెస్సింగ్ పొడిగా ఉందా? ఇంట్లో మెట్లుంటే ఫిజియో ఎక్కించి దించారా? వీటిలో ఒక్కటి కుదరకపోయినా ఆగమని అడగడం న్యాయం, ఏ మంచి డాక్టరూ కాదనరు. అన్నీ కుదిరితే మూడో రోజైనా, రెండో రోజైనా ఇంటికి తీసుకెళ్లండి.

ఇక అసలు విషయం, ఆపరేషన్‌కి ముందు నెల.

షుగరుతో మొదలుపెడదాం. ఆపరేషన్ రోజు ఉదయం చూసే షుగరు ఆ రోజు సంగతే చెబుతుంది. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది. చాలామంది సర్జన్లు 7.5 నుంచి 8 మధ్యలో ఎక్కడో ఒక గీత పెట్టుకుంటారు. అది దాటితే ఆపరేషన్ వాయిదా వేస్తారు. షుగరు ఎక్కువగా ఉన్న ఒంట్లో గాయం నెమ్మదిగా మానుతుంది, క్రిములతో పోరాడే తెల్లకణాలు సరిగా పనిచేయవు. అమ్మగారికి 9 ఉందనుకోండి, వచ్చే నెల తేదీ వదిలేసి రెండు మూడు నెలలు ఆగండి. మోకాలు నొప్పి ఇన్నేళ్లు భరించినవాళ్లు ఇంకో రెండు నెలలు భరించగలరు. కీలు లోపల ఇన్ఫెక్షన్ వస్తే మాత్రం ఏడాది పోతుంది. ఆపరేషన్ జరిగిన తర్వాతి కొద్ది రోజుల షుగరూ అంతే ముఖ్యం. ఆ ఒత్తిడికి బాగా కంట్రోల్‌లో ఉన్నవాళ్లకి కూడా పెరుగుతుంది. అలాంటప్పుడు కొన్నాళ్లు ఇన్సులిన్ ఇస్తే కంగారు పడక్కర్లేదు. కానీ ఇంటికెళ్లాక తిండి తగ్గి, ఇన్సులిన్ డోసు మాత్రం ఆస్పత్రిలో రాసిందే ఉండిపోతే షుగరు పడిపోతుంది. ఏ లెక్క ప్రకారం తగ్గించాలో డిశ్చార్జ్ రోజే రాయించుకోండి.

షుగరు మందుల్లో ఒక రకం గురించి విడిగా చెప్పాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు, మంచి మందులే. వాటిని ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. ఆపకపోతే ఉపవాసం, ఆపరేషన్ ఒత్తిడి తోడై రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకోవచ్చు. ఇందులో మోసం ఏమిటంటే గ్లూకోమీటర్‌లో షుగరు దాదాపు మామూలుగానే కనిపించవచ్చు. పేషెంటుకి వాంతులు, ఆయాసం, నీరసం ఉంటాయి. మత్తు పడలేదు, గ్యాస్ పట్టేసింది అనుకుంటూ ఒక రోజు గడిచిపోతుంది. అమ్మగారి మాత్రల అట్టల మీద ఈ పేర్లేమైనా ఉన్నాయేమో ఈ రోజే చూడండి. రెండు మూడు మందులు కలిపిన మాత్రలో కూడా ఉండొచ్చు, కాబట్టి చిన్న అక్షరాలు చదవండి. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో మీ డాక్టరుతో తేల్చుకోండి, మీ అంతట మీరు ఆపేయవద్దు.

రెండోది రక్తం. ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12 కంటే, మగవాళ్లలో 13 కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పదిన్నరతో ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లు ఎనిమిదికో, అంతకంటే కిందికో దిగిపోవచ్చు. అప్పుడు రక్తం ఎక్కించాలి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, నడక వెనకబడుతుంది, గుండె మీద భారం పడుతుంది. ఆపరేషన్ సమయంలో ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇవ్వడం మొదలయ్యాక రక్తం పోవడం బాగా తగ్గింది. అయినా తక్కువతో వెళ్లడం దేనికి? ఐరన్ మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది. టైము లేకపోతే నరంలోంచి ఐరన్ ఎక్కిస్తారు. ఒక విషయం మాత్రం మర్చిపోవద్దు: ఈ వయసులో హిమోగ్లోబిన్ తక్కువుంటే అది ఎందుకు తక్కువుందో కూడా చూడాలి. కడుపులోనో, పేగుల్లోనో కనిపించకుండా రక్తం పోతూ ఉంటే, ఆపరేషన్ తర్వాత గడ్డకట్టకుండా మందు మొదలుపెట్టగానే అది బయటపడుతుంది.

మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఈ మధ్య ఏమైనా వేయించారా? వేయించి ఉంటే అప్పటి నుంచి కనీసం మూడు నెలలు ఆగాలి, లేకపోతే ఇన్ఫెక్షన్ రిస్కు పెరుగుతుంది. ఈ మాట సర్జన్‌కి మీరే చెప్పాలి, ఇంకోచోట వేయించుకున్న ఇంజెక్షన్ సంగతి ఆయనకి తెలియకపోవచ్చు. పంటిలో చీము, కాలి వేళ్ల మధ్య చర్మం నాని పాచిపోవడం, మడమ పగుళ్లు, గోకిన పుండు, ఇవన్నీ ముందే మాన్పించాలి. షుగరు ఉన్నవాళ్లు అరికాళ్లు చూసుకోరు, మీరు చూడండి. కాలి వెంట్రుకలు ఇంట్లో రేజరుతో గీయించవద్దు. కంటికి కనిపించని గాట్లు పడి క్రిములకి దారి దొరుకుతుంది. అవసరమైతే ఆస్పత్రిలోనే క్లిప్పర్‌తో తీస్తారు. ఇంట్లో పొగతాగే అలవాటు ఉన్నవాళ్లకి ఎవరికైనా ఆపరేషన్ అయితే కనీసం నాలుగు వారాల ముందు మానాలి. బరువు విషయంలో బీఎంఐ 40 దాటినవాళ్లని ముందు తగ్గమని చాలామంది సర్జన్లు చెబుతారు. అయితే ఒకేసారి తిండి మానేసి తగ్గడం మంచిది కాదు, ప్రొటీన్ పడిపోతే గాయం మానదు.

ఇప్పుడు ఇంటికి వచ్చాక. ఇక్కడ నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది మాత్రల సంచి గురించి.

ఒక కేసు ఎలా నడుస్తుందో చెబుతాను, కొద్ది తేడాలతో ఇది నేను మళ్లీ మళ్లీ చూసిన కథ. పేషెంటు ఏళ్లుగా టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బీపీ మాత్ర వేసుకుంటున్నారు. ఆపరేషన్ తర్వాత నొప్పికి ఎటోరికాక్సిబో, డైక్లోఫెనాకో రాశారు. నొప్పి మందుల వల్ల వికారం, అందుకని సరిగా తినడం లేదు. బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా తగ్గించేశారు. ఇది ఎవరూ పైకి చెప్పరు గాని, చాలామంది పెద్దవాళ్లు చేసే పనే. బీపీ మాత్ర మాత్రం క్రమం తప్పకుండా వేస్తున్నారు. ఒంట్లో నీరు తగ్గింది, పెయిన్ కిల్లర్ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గించింది, బీపీ మందు కిడ్నీ తనని తాను కాపాడుకునే దారిని మూసేసింది. ఐదో రోజుకో, ఆరో రోజుకో మనిషి మగతగా ఉంటారు. మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తుంది. ఆపరేషన్ నీరసమే అనుకుంటారు ఇంట్లోవాళ్లు. తీసుకొచ్చేసరికి బీపీ పై అంకె 90, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రెట్టింపు. మోకాలు చూస్తే కుట్లు చక్కగా మానుతున్నాయి.

ఇది పూర్తిగా ఆపగలిగిన అడ్మిషన్. ఆపడానికి కావాల్సింది ఒక కాగితం. డిశ్చార్జ్ రోజున పాత మాత్రలన్నీ, కొత్త మాత్రలన్నీ ఒకే టేబుల్ మీద పెట్టండి. డ్యూటీ డాక్టరునో, ఫార్మసిస్టునో పక్కన కూర్చోమని అడిగి మూడు వరసలు రాయించుకోండి. పాతవాటిలో కొనసాగించాల్సినవి, కొన్నాళ్లు ఆపాల్సినవి (మళ్లీ ఏ తేదీకి మొదలుపెట్టాలో సహా), కొత్తవి (ఏ తేదీకి ఆపాలో సహా). ఆపే తేదీ రాయకపోవడం వల్ల పెయిన్ కిల్లర్ రెండు నెలలు వాడి కడుపులో పుండు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. ఒకే మందు రెండు పేర్లతో రెండు అట్టల్లో ఉందేమో చూడండి. ఆస్పత్రిలో ఇచ్చిన బీపీ మాత్ర, ఇంట్లో ఉన్న బీపీ మాత్ర పేర్లు వేరైనా లోపల మందు ఒకటే కావచ్చు. పారాసెటమాల్ కూడా అంతే. అది విడిగా ఒక మాత్రలో ఉంటుంది, ట్రామడాల్ అనే బలమైన నొప్పి మందుతో కలిపిన ఇంకో మాత్రలోనూ ఉంటుంది. రెండూ కలిపి రోజుకి నాలుగు గ్రాములు దాటకూడదు. సన్నగా, బలహీనంగా ఉన్నవాళ్లకి, లివర్ ఇబ్బంది ఉన్నవాళ్లకి అంతకంటే తక్కువే. అమ్మగారి క్రియాటినిన్ ఇప్పటికే ఎక్కువుంటే డైక్లోఫెనాక్ రకం మందులు అసలు వద్దని ఆపరేషన్‌కి ముందే ఫైలు మీద రాయించండి. ఇంటికొచ్చాక రోజూ బీపీ చూసి రాయండి. పై అంకె వందకి దగ్గరగా వస్తుంటే బీపీ మాత్ర వేసే ముందు ఫోన్ చేసి అడగండి.

నొప్పి మందుల భయంతో అసలు వేయకపోవడం కూడా తప్పే. నొప్పి ఆగకపోతే మోకాలు వంచరు. వంచకపోతే బిగుసుకుపోతుంది. ఆరు వారాలకి 90 డిగ్రీలు కూడా వంగకపోతే, మత్తు ఇచ్చి వంచడానికి మళ్లీ అడ్మిట్ చేయాల్సి రావచ్చు. ఫిజియో వచ్చే ముందు అరగంటో, గంటో ముందుగా మాత్ర వేయండి.

గాయం విషయం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ రెండు మూడు రోజుల ఆలస్యం ఖరీదు చాలా పెద్దది. మొదటి ఒకటి రెండు రోజులు డ్రెస్సింగ్ మీద పల్చగా, ఎర్రగా తడి కనిపించడం మామూలే. ఆ తడి అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ, టైము రాయండి. కొన్ని గంటల తర్వాత చూస్తే తడి గీత దాటిందో లేదో తెలిసిపోతుంది, "పెరిగిందేమో" అని అనుమానపడక్కర్లేదు. రోజూ ఒకే వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. ఆపరేషన్ అయి 72 గంటలు దాటినా ఇంకా ఊరుతూనే ఉంటే సర్జన్ చూడాలి. 2013లో ఫిలడెల్ఫియాలో వివిధ దేశాల నిపుణులు కూర్చుని కీళ్ల ఇన్ఫెక్షన్ల మీద ఒక అంగీకారానికి వచ్చినప్పుడు పెట్టుకున్న గీత కూడా అదే. ఐదు నుంచి ఏడు రోజులైనా ఆగకపోతే మళ్లీ తెరిచి శుభ్రం చేయడం గురించి ఆలోచించాలని అప్పుడే అన్నారు. గాయం నుంచి చిక్కగా, మబ్బుగా వస్తున్నా, వాసన ఉన్నా, కుట్ల చుట్టూ ఎర్రదనం పాకుతున్నా, తగ్గిన నొప్పి మళ్లీ పెరుగుతున్నా, ఐదో రోజు తర్వాత కొత్తగా చలిజ్వరం వచ్చినా అదే రోజు చూపించండి.

దయచేసి ఒక్క పని మాత్రం చేయవద్దు. తడిగా ఉంది కదా అని మందుల షాపులో యాంటీబయాటిక్ కొనివ్వడం, లేదా ఆపరేషన్ చేయని డాక్టరు దగ్గర ఫోన్లో రాయించుకోవడం. లోపల ఉన్నది లోహం, ప్లాస్టిక్. క్రిములు వాటి మీద జిగురు పొరలా అల్లుకుపోతాయి, మాత్రలు ఆ పొర లోపలికి సరిగా చేరవు. పైకి ఎర్రదనం తగ్గుతుంది, జ్వరం పోతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. లోపల మాత్రం పని సాగుతూనే ఉంటుంది. కీలులోంచి నీరు తీసి పరీక్షకి పంపినా, అప్పటికే వేసిన యాంటీబయాటిక్ వల్ల ఏ క్రిమో తేలకపోవచ్చు. మొదటి మూడు నాలుగు వారాల్లో పట్టుకుంటే లోపల బాగా కడిగి, ప్లాస్టిక్ ముక్క మార్చి, అమర్చిన లోహాన్ని అలాగే కాపాడుకునే అవకాశం బాగా ఉంటుంది. ఆలస్యమైతే మొత్తం తీసేసి, వారాల తరబడి యాంటీబయాటిక్‌లు ఇచ్చి, మళ్లీ కొత్తది పెట్టాల్సి రావచ్చు. అందుకే గాయం గురించి భయపడి వచ్చి, "ఏం లేదమ్మా, మామూలే" అనిపించుకుని వెళ్లే మనిషి నాకెప్పుడూ ఇబ్బంది అనిపించలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లని చూస్తేనే మనసు విలవిల్లాడుతుంది.

మామూలైనవి కూడా తెలిసి ఉండాలి. మోకాలు ముట్టుకుంటే వెచ్చగా ఉండటం, సాయంత్రానికి వాపు రావడం నెలల పాటు ఉంటాయి. తొడ దగ్గర మొదలైన కమిలిన మచ్చ వారంలో పాదం దాకా దిగుతుంది, రక్తం బరువుకి కిందికి జారడమే అది. కుట్లకి బయటి వైపు చర్మం మొద్దుబారి ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు కొద్దిపాటి జ్వరం ఉండొచ్చు.

రక్తం గడ్డల గురించి. గడ్డకట్టకుండా ఇచ్చే మందు, మాత్ర అయినా ఇంజెక్షన్ అయినా, మోకాలు ఆపరేషన్‌కి సాధారణంగా కనీసం 10 నుంచి 14 రోజులు, తుంటికి 35 రోజుల దాకా ఇస్తారు. బాగానే నడుస్తున్నారు కదా అని మధ్యలో మానేయవద్దు. కాలు వాపు ఆపరేషన్ తర్వాత ఎలాగూ ఉంటుంది కాబట్టి, చూసి గడ్డ ఉందో లేదో నేను కూడా చెప్పలేను. కాళ్లెత్తి పడుకున్నా రాత్రికి తగ్గని వాపు, పిక్కలో కొత్తగా నొప్పి ఉంటే డాప్లర్ స్కాన్ (రక్తనాళాల్లో రక్తం పారుతోందో లేదో చూసేది) చేయించాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటికి ఫోన్ చేసి అడుగుతూ కూర్చోవద్దు, దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. నల్లగా తారులాంటి విరేచనం అయినా అంతే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మలబద్ధకం చిన్న విషయంలా ఉంటుంది గాని ట్రామడాల్ లాంటి మందులతో నాలుగైదు రోజులు కడుపు బిగిసి, వాంతులయ్యి, అడ్మిట్ అయినవాళ్లు ఉన్నారు, కాబట్టి విరేచనం మందు మొదటి రోజు నుంచే అడగండి. పెద్దవాళ్లు రాత్రిపూట తెలియనట్టు మాట్లాడితే వయసు అనుకోవద్దు. మందులో, ఇన్ఫెక్షనో, సోడియం తగ్గడమో, మూత్రం రాకుండా ఆగిపోవడమో వెనక ఉంటుంది. కళ్లద్దాలు, వినికిడి మిషన్ ఆస్పత్రిలో కూడా వాళ్ల దగ్గరే ఉండాలి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా లైటు ఉంచండి, దారిలో కాలికి తగిలే చాపలు, వైర్లు ఆపరేషన్‌కి ముందే తీసేయండి.

ఏ ఆస్పత్రి అనే ప్రశ్నకి వస్తాను. ఎంతమంది తిరిగొచ్చారన్న లెక్క పనికొచ్చేదే, కానీ జాగ్రత్తగా చదవాలి. అమెరికాలో 2012 నుంచి కొన్ని జబ్బుల్లో 30 రోజుల్లోపు రీఅడ్మిషన్లు అనుకున్నదానికంటే ఎక్కువైన ఆస్పత్రులకి ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ చెల్లింపులు కోస్తోంది. 2014 అక్టోబరు నుంచి ముందే అనుకుని చేసే తుంటి, మోకాలు మార్పిడి కూడా ఆ లెక్కలో చేరాయి. గరిష్ఠంగా 3 శాతం దాకా కోత పడవచ్చు. దానివల్ల ఆస్పత్రులు డిశ్చార్జ్ తర్వాత ఏం జరుగుతోందో చూడటం మొదలుపెట్టాయి, అది మంచిదే. అదే మెడికేర్ కాంప్లికేషన్లని విడిగా లెక్కపెట్టే తీరు నాకు ఇంకా నచ్చుతుంది. గుండెపోటు, న్యుమోనియా, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతటినీ దెబ్బతీయడం) లాంటివైతే 7 రోజుల దాకా, రక్తస్రావం, ఊపిరితిత్తుల్లో గడ్డ, మరణం అయితే 30 రోజుల దాకా, కీలు ఇన్ఫెక్షన్, అమర్చిన భాగం తేడా చేయడం అయితే 90 రోజుల దాకా చూస్తారు. ఏ ఇబ్బంది ఎప్పుడు బయటపడుతుందో ఆ అంకెల్లోనే ఉంది. నెల దాటిపోయింది కదా అని గాయం మీద కన్ను తీసేయకూడదని కూడా అవే చెబుతున్నాయి.

కానీ ఏడాదికి వంద మోకాళ్లు చేసే చోట ముగ్గురు తిరిగొస్తే 3 శాతం, ఐదుగురైతే 5 శాతం. ఆ తేడా ఇద్దరు మనుషులు. అది నైపుణ్యమో, ఆ ఏడాది రాతో చెప్పలేం. తిరిగి వేరే ఆస్పత్రిలో చేరినవాళ్లని లెక్కపెట్టారా అన్నది ఇంకో ప్రశ్న. షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లని మొదటే తిప్పి పంపేసే చోట అంకె అందంగానే ఉంటుంది, మీ అమ్మగారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. నేనైతే మీ స్థానంలో ఉండి ఇవి అడుగుతాను. ఆపరేషన్‌కి ముందు ఫిజీషియన్ చూస్తారా, హెచ్‌బీఏ1సీ ఎంత దాటితే వాయిదా వేస్తారు? ఇంటికెళ్లిన రెండు మూడు రోజులకి మీ వైపు నుంచి ఎవరైనా ఫోన్ చేస్తారా? రాత్రి రెండింటికి డ్రెస్సింగ్ తడిస్తే ఏ నంబరుకి చేయాలి, అవతల ఎత్తేది ఆర్థో టీమ్ మనిషేనా? వాయిదా అనే మాటకి విసుక్కోకుండా, సూటిగా ఒక అంకె చెప్పే చోట నాకు ధైర్యంగా ఉంటుంది.

చివరిగా రెండు మోకాళ్ల సంగతి. ఒకేసారి చేయించుకుంటే మత్తు ఒక్కసారే, కోలుకోవడం ఒక్కసారే అన్నది నిజం. కానీ రక్తం ఎక్కువ పోతుంది, గుండె మీద, ఊపిరితిత్తుల మీద భారం ఎక్కువ పడుతుంది, ఆనుకోవడానికి ఒక మంచి కాలంటూ ఉండదు. వయసు తక్కువై, వేరే జబ్బులు లేనివాళ్లకి కొందరికి అది సరిపోతుంది. 68 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్న అమ్మగారికి ఒక్కొక్కటిగానే చేయించమంటాను, మధ్యలో మూడు నెలలు ఉండేలా చూసుకోండి. రెండోదానికి ముందు హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ మళ్లీ చేయించాలి. మొదటిసారి వచ్చిన రిపోర్టుల మీద వెళ్లవద్దు. ఇప్పటి రిపోర్టుల్లో ఈ మూడు అంకెలు, అమ్మగారు వాడుతున్న మాత్రల అట్టల మీది పేర్లు రాయండి. వచ్చే నెల తేదీ ఉంచుకోవచ్చా, వెనక్కి జరపమని సర్జన్‌ని అడగాలా అన్నది వాటిని చూసి చెబుతాను.